ఓడకేవు – ద్వీపవాసి

కంచన్‌బాగ్‌లోని ఒక చిన్న కిరాణా దుకాణాన్ని ఊహించుకుందాం. దుకాణదారు పప్పులు, మసాలా దినుసులు బేగంబజారు నుండి తెప్పించుకుంటాడు. ఉల్లిగడ్డలు మలక్‌పేట మార్కెట్టు నుండి తెచ్చుకుంటాడు. సరుకు చేరవేసే ట్రాలీ యజమాని ఒకనాడు కిరాయిని రెట్టింపు చేశాడనుకుందాం. దుకాణదారు అతనితో వాదించడు. మరో ట్రాలీని పిలుస్తాడు. అదీ కుదరకపోతే ఇంటి స్కూటరు మీదనే రెండు మూటలు వేసుకొని వస్తాడు. అతనికి ధైర్యాన్నిచ్చేది చేతిలోని డబ్బు కాదు, కళ్ళముందున్న రెండో దారి.

ఇదే దుకాణం బంగాళాఖాతం నడుమ ఒక ద్వీపంలో ఉన్నదనుకుందాం. బియ్యం, పప్పు, నూనె, సిమెంటు, ఇనుము, పాఠ్యపుస్తకాలు అన్నీ ఓడలోనే రావాలి. ఆ రేవుకు వచ్చే ఓడలు రెండే సంస్థలవి. ఒకనాడు ఆ రెండూ ఒక్కటైపోయాయి. అప్పుడు దుకాణదారు ఎవరిని పిలవగలడు? సముద్రానికి అడ్డదారి లేదు. నౌకాసంస్థల విలీనం వ్యాపారపుటల్లోని వార్తగా మనకు కనిపించవచ్చు. ద్వీపవాసికి మాత్రం అది వంటింటి వార్త. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

ఓడకేవు అంటే ఏమిటి?

ఓడలో మనిషినో, సరుకునో చేరవేసినందుకు చెల్లించే రుసుమును తెలుగులో ‘కేవు’ అంటారు. నావకేవు, ఓడకేవు అనే మాటలు మన నిఘంటువులలో ఉన్నాయి. సంస్కృతంలో దీనికి ‘ఆతరం’ అని పేరు. నేటి వ్యాపారులు వాడే నౌకారవాణా చార్జీ అనే మాటకు ఇది అచ్చమైన తెలుగు.

ఓడకేవు దూరాన్ని బట్టి మాత్రమే నిర్ణయం కాదు. ఓడ నిండుగా వెళ్ళినా, సగం ఖాళీగా వెళ్ళినా ఇంధనం ఖర్చు, నావికుల జీతాలు, రేవు సుంకాలు, బీమా, ఓడ కొనడానికి తెచ్చిన అప్పుపై వడ్డీ ఇంచుమించుగా అంతే ఉంటాయి. చిన్న ద్వీపానికి వెళ్ళే సరుకు తక్కువ. అక్కడి నుండి తిరిగి వచ్చే సరుకు మరీ తక్కువ. తిరుగు ప్రయాణంలో ఓడ దాదాపు ఖాళీగా రావలసివస్తే ఆ ఖర్చు కూడా వెళ్ళేటప్పటి సరుకు మీదనే పడుతుంది. పెద్ద ఓడలు చిన్నరేవులకు రాలేవు. కనుక సరుకును మధ్యలో మరో రేవులో దించి, చిన్న ఓడలోకి ఎక్కించాలి. ఎత్తిన ప్రతిసారీ కూలి, దించిన ప్రతిసారీ కూలి. ఈ కారణాల వల్ల ఏ లాభాపేక్ష లేకపోయినా ద్వీపానికి ఓడకేవు సహజంగానే ఎక్కువగా ఉంటుంది. దానికి పోటీలేమి తోడైతే భారం మరింత పెరుగుతుంది.

విలీనానికి ఉన్న రెండు ముఖాలు

సంస్థలు ఎందుకు కలుస్తాయి? దీనిని ఒక ఊహాజనితమైన లెక్కతో పరిశీలిద్దాం. ఒక ద్వీపానికి రెండు సంస్థలు నెలకొక్కటి చొప్పున ఓడలు నడుపుతున్నాయి. ఒక్కో ఓడలో 100 పెట్టెలు పడతాయి; అయితే ఒక్కోదానికి దొరికే సరుకు 50 పెట్టెలే. ప్రయాణానికి అయ్యే ఖర్చు 50 లక్షల రూపాయలు. అంటే పెట్టెకు లక్ష రూపాయలు. రెండు సంస్థలూ కలిసి ఒకే ఓడను నిండుగా నడిపితే పెట్టెకు 50 వేలే అవుతుంది. ఇది విలీనానికి ఉన్న మంచి ముఖం. ఇందులో అబద్ధం లేదు. సగం ఖాళీగా తిరిగే ఓడలు ఎవరికీ మేలు చేయవు.

అయితే మిగిలిన ఆ 50 వేలు ఎవరి జేబులోకి వెళతాయి? పోటీ సంస్థ మరొకటి ఉంటే అది ధర తగ్గిస్తుంది గనుక ఇదీ తగ్గించక తప్పదు. పోటీ లేనప్పుడు విలీన సంస్థ పెట్టెకు లక్షా పదివేలు అడిగినా ఇవ్వక తప్పదు. అంటే ఖర్చు తగ్గినంత మాత్రాన ధర తగ్గదు. ధరను తగ్గించేది ఖర్చు ఒక్కటే కాదు. కొనుగోలుదారుకు ఉన్న ప్రత్యామ్నాయం కూడా.

మరొక నష్టం లెక్కలో వెంటనే కనిపించదు. నెలకు రెండుసార్లు వచ్చే ఓడ ఇప్పుడు ఒక్కసారే వస్తుంది. దుకాణదారు పదిహేను రోజులకు బదులు నెలకు సరిపడే సరుకు నిల్వచేయాలి. దానికి గిడ్డంగి కావాలి. పెట్టుబడికి అప్పు తేవాలి. కూరగాయలు కుళ్ళిపోతాయి, గుడ్లు పాడవుతాయి. ఓడ ఒక్కసారి తప్పితే అంగడి ఖాళీ అవుతుంది. ఓడకేవు పైసా పెరగకపోయినా ఈ ఖర్చులన్నీ కలిసి ధరను పెంచుతాయి.

‘ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య’ అని మన సామెత. ఏరు దాటినవానికి ఓడవానితో పని తీరిపోతుంది. ద్వీపవాసికి ఆ అవకాశం లేదు. అతడు ప్రతిదినమూ ఏరు దాటవలసినవాడే. కనుక అతనికి ఓడవాడు ఎప్పటికీ ఓడమల్లయ్యే.

మన తీరం చెప్పే చరిత్ర

ఈ విషయం తెలుగువారికి కొత్తది కాదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధం నుండి కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల మీదుగా వేలాది తెలుగు శ్రామికులు రంగూనుకు వలసవెళ్ళారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో వారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. బర్మా ద్వీపం కాదు. అయినా కొండలు, దట్టమైన అడవులు అడ్డంగా ఉన్నందువల్ల పేదవానికి సముద్రమే దారి. ఆ దారిలో ప్రధానమైన సంస్థ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. 1856లో మరోపేరుతో ఆరంభమైన ఈ సంస్థ 1914లో పి. అండ్ ఓ. అనే మరో మహాసంస్థతో విలీనమయింది. దానితో హిందూ మహాసముద్రపు నౌకావ్యాపారంలో అధికభాగం ఒకే గొడుగు కిందికి చేరింది.

ఇటువంటి సంస్థతో పోటీపడితే ఏమవుతుందో అంతకు కొన్నేళ్ళ ముందే దక్షిణాదిన తేలిపోయింది. వి.ఓ. చిదంబరం పిళ్ళై 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి తూత్తుకుడి నుండి సింహళద్వీపంలోని కొలంబోకు ఓడలు నడిపాడు. బ్రిటిష్ సంస్థ వెంటనే టికెట్టు ధరను తగ్గించింది. స్వదేశీ సంస్థ ఇంకా తగ్గించింది. చివరకు బ్రిటిష్ సంస్థ ప్రయాణికులను ఉచితంగా ఎక్కించుకొని, పైగా ఒక గొడుగును కానుకగా ఇచ్చేందుకు సిద్ధపడింది. 1908లో చిదంబరం పిళ్ళై కారాగారం పాలయ్యాడు. 1911 నాటికి ఆయన సంస్థ మూతపడింది.

ఆ గొడుగును అందుకున్న ప్రయాణికుడు సంతోషించి ఉంటాడు. కాని ఆ గొడుగు దానం కాదు. పోటీదారును ముంచడానికి పెట్టిన పెట్టుబడి. పోటీ తొలగిన తరువాత చవకధరను కొనసాగించవలసిన అవసరం ఏ పెద్ద సంస్థకూ ఉండదు. కనుక ఒకానొక ఏడాది ఓడకేవు తక్కువగా ఉన్నదా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆ తక్కువ ధర ఎందుకు వచ్చింది, ఎన్నాళ్ళుంటుంది అన్నవి అసలు ప్రశ్నలు.

వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలైనవారు 1919లో స్థాపించిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కూడా ఇటువంటి ధరల యుద్ధాన్ని ఎదుర్కొన్నది. 1923లో ఆ సంస్థ బ్రిటిష్ సంస్థలతో ఒప్పందం చేసుకొని, హద్దులకు లోబడి నిలబడింది. ఆనాటి బ్రిటిష్ సంస్థల చేతిలో ‘వాయిదా తగ్గింపు’ అనే ఉపాయం ఉండేది. ఒక వ్యాపారి చెల్లించిన కేవులో కొంతభాగాన్ని కొన్ని నెలల తరువాత తిరిగి ఇస్తారు; అయితే ఈలోగా అతడు వేరొకరి ఓడలో ఒక్క బస్తా కూడా ఎక్కించకూడదు. తన సొమ్ము తనకు తిరిగి వస్తుందనే ఆశే అతని కాళ్ళకు సంకెల. ఇటువంటి పరిస్థితులలోనే 1928లో ఎస్.ఎన్. హాజీ తీరప్రాంత నౌకావ్యాపారాన్ని స్వదేశీ ఓడలకే ప్రత్యేకించాలని కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆ కోరిక నెరవేరింది. విశాఖపట్నంలో 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది కూడా ఈ సింధియా సంస్థ చొరవతోనే. నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు అదే.

అండమాన్ తెలుగువారు

ఇప్పుడు మన కాలపు ద్వీపవాసుల దగ్గరకు వద్దాం. అండమాన్, నికోబార్ దీవుల జనాభా 2011 జనగణన ప్రకారం 3,80,581. వారిలో ప్రతి వందమందికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో అనేకం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నగరం విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. చెన్నై దూరం కూడా ఇంచుమించుగా అంతే. ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. విమానంలో మనిషి వెళ్ళగలడు. సిమెంటు బస్తాలు వెళ్ళలేవు.

ఈ దీవులను ప్రధానభూమితో కలిపే నౌకాసేవలో ప్రధానపాత్ర షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాది. గమనించదగిన విషయమేమిటంటే, ఈ సంస్థ కూడా విలీనం వల్ల పుట్టినదే. ఈస్టర్న్, వెస్టర్న్ అనే రెండు ప్రభుత్వ నౌకాసంస్థలను కలిపి 1961 అక్టోబరు 2న దీనిని ఏర్పాటు చేశారు. అప్పటికి దీనికి ఉన్నవి 19 ఓడలు. తెలుగువాడైన జయంతి ధర్మతేజ 1961లోనే స్థాపించిన జయంతి షిప్పింగ్ కంపెనీ ప్రభుత్వ రుణాలతో వేగంగా ఎదిగి, అంతే వేగంగా చిక్కులలో పడింది. ప్రభుత్వం 1966లో దాని నిర్వహణను చేపట్టి, 1973లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో విలీనం చేసింది. హజ్ యాత్రికులను బొంబాయి నుండి జెడ్డాకు చేర్చిన మొగల్ లైన్ కూడా 1986లో ఇందులోనే కలిసింది. హైదరాబాదు పాతబస్తీ యాత్రికులలో పాతతరంవారు ఎక్కిన ఓడలు ఆ సంస్థవే.

ఇన్ని సంస్థలు కలిసినా అండమాన్ ప్రయాణికుని టికెట్టు ధర ఆకాశానికి ఎక్కలేదు. కారణం పోటీ కాదు, బాధ్యత. అక్కడి ప్రయాణికుల ఓడలలో అధికభాగం అండమాన్ పాలనాయంత్రాంగానివి. షిప్పింగ్ కార్పొరేషన్ వాటిని నడిపింది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మితమైన ‘స్వరాజ్ ద్వీప్’ వాటిలో ఒకటి. టికెట్టు ధరను ప్రభుత్వమే నిర్ణయించి, ద్వీపవాసులకు రాయితీ ఇచ్చి, నష్టాన్ని ఖజానా నుండి భరించింది. అంటే ఓడకేవులో కొంతభాగాన్ని కంచన్‌బాగ్‌లో పన్ను కట్టే పౌరుడు కూడా తనకు తెలియకుండానే చెల్లిస్తున్నాడన్నమాట. దేశం ఒక్కటే అన్న మాటకు ఇది ఆచరణరూపం.

అయితే ఈ ఏర్పాటులోనూ లోపం లేకపోలేదు. ధర పెరగని చోట నిరీక్షణ పెరుగుతుంది. ఓడల సంఖ్య తక్కువ. వాటిలో ఒకటి మరమ్మతుకు డ్రైడాక్‌కు వెళితే రాకపోకల పట్టిక తలకిందులవుతుంది. విశాఖ నుండి వెళ్ళే ఓడలు చెన్నై, కోల్‌కతాల నుండి వెళ్ళేవాటికంటే తక్కువ. అందువల్ల శ్రీకాకుళం మనిషి అండమాన్ చేరడానికి చెన్నై మీదుగా తిరిగివెళ్ళవలసిన సందర్భాలు ఉంటాయి. పైగా ప్రయాణికునికి లభించిన రాయితీ వ్యాపారి తెప్పించే ప్రతి సరుకుకూ వర్తించదు. 2019లో కేంద్రప్రభుత్వం షిప్పింగ్ కార్పొరేషన్‌లో తన వాటాను విక్రయించాలని నిర్ణయించినప్పుడు ద్వీపవాసులకు సంబంధించిన ప్రశ్న సహజంగానే ముందుకు వచ్చింది: యజమాని మారితే బాధ్యత ఎవరిది?

ప్రపంచమంతటా ఇదే సమస్య

ప్రపంచ నౌకావ్యాపారంలో 2016 నుండి 2018 వరకు విలీనాలు వరుసగా జరిగాయి. ఓడలు ఎక్కువై, సరుకు తక్కువై, కేవు పడిపోవడంతో 2016లో కొరియాకు చెందిన హంజిన్ సంస్థ కుప్పకూలింది. అదే ఏడాది చైనాలోని రెండు ప్రభుత్వ సంస్థలు ఒక్కటయ్యాయి. ఫ్రాన్సుకు చెందిన సి.ఎం.ఏ. సి.జి.ఎం. సింగపూరు సంస్థను కొన్నది. 2017లో డెన్మార్కుకు చెందిన మెర్స్క్ సంస్థ జర్మనీ సంస్థ హాంబుర్గ్ సూద్‌ను తనలో కలుపుకున్నది. జపానులోని మూడు సంస్థలు తమ కంటైనర్ వ్యాపారాలను కలిపివేసి 2018 ఏప్రిల్ నుండి ఒకే పేరుతో నడపసాగాయి. ఈ మార్పుల తరువాత ప్రపంచ కంటైనర్ ఓడల సామర్థ్యంలో 80 శాతానికి పైగా పది సంస్థల చేతిలోకి వచ్చింది.

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వల్ల రేవులు స్తంభించి కేవు విపరీతంగా పెరిగింది. ఆ పెరుగుదలకు విలీనాలే కారణమని చెప్పడం సరికాదు. కాని ఆ భారం ఎవరిమీద ఎంత పడుతుందో ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2021లో అంచనా వేసింది. కేవు అదే స్థాయిలో కొనసాగితే ప్రపంచ వినియోగదారుల ధరలు సగటున 1.5 శాతం పెరుగుతాయి. చిన్న ద్వీపదేశాలలో మాత్రం 7.5 శాతం పెరుగుతాయి. అంటే అయిదు రెట్లు. 19వ శతాబ్దంలో చెరకుతోటల పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ నివసిస్తున్న మారిషస్ అటువంటి ద్వీపదేశమే. అక్కడ తినే ఆహారంలో అధికభాగం ఓడలలోనే రావాలి.

సంస్థలు విలీనం కాకుండానే చేతులు కలిపే ప్రమాదమూ ఉంది. అమెరికా పాలనలోని ప్యూర్టో రికో ద్వీపం ఇందుకు ఉదాహరణ. 1920 నాటి చట్టం ప్రకారం అమెరికా ప్రధానభూమి నుండి అక్కడికి అమెరికా ఓడలే సరుకు చేర్చాలి. అందువల్ల ఆ వ్యాపారంలో మిగిలినవి కొద్ది సంస్థలే. హొరైజన్, సీ స్టార్, క్రౌలీ అనే మూడు సంస్థలు కుమ్మక్కై ధరలు నిర్ణయించినట్లు విచారణలో తేలింది. 2011, 2012 సంవత్సరాలలో అవి నేరాన్ని అంగీకరించి జరిమానాలు చెల్లించాయి. అమ్మేవారు పదిమంది ఉన్నచోట కుమ్మక్కు కష్టం; ముగ్గురున్న చోట ఒక్క బల్ల చాలు. విలీనాల వల్ల పోటీదారుల సంఖ్య తగ్గుతున్నప్పుడు న్యాయస్థానాలు కలవరపడేది ఇందుకే. విదేశీ పోటీ నుండి స్వదేశీ ఓడలను రక్షించే చట్టం మంచి ఉద్దేశంతో చేసినదే అయినా, ద్వీపవాసిని మరచిపోతే ఆ రక్షణ ఖర్చు అతడే చెల్లించవలసి వస్తుంది.

పరిష్కారమార్గాలు

మొదటిది చట్టం. మనదేశంలో 2002 నాటి పోటీచట్టం కింద ఏర్పడిన కాంపిటీషన్ కమిషన్‌కు పెద్ద విలీనాలను ముందుగానే పరిశీలించే అధికారం 2011 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. పోటీని తీవ్రంగా దెబ్బతీసే విలీనాన్ని కమిషన్ నిరాకరించవచ్చు లేదా షరతులతో అనుమతించవచ్చు. ఇటువంటి పరిశీలనలో దేశం మొత్తంమీద ఎన్ని ఓడలు మిగులుతాయి అని అడిగితే చాలదు. ఈ ఒక్క ద్వీపానికి ఎన్ని మిగులుతాయి అని అడగాలి. దేశపటంలో చుక్కంత కనిపించే ద్వీపం అక్కడి మనిషికి మొత్తం ప్రపంచం.

రెండవది న్యాయమైన కొలమానం. స్కాట్లాండు ప్రభుత్వం 2008లో కొన్ని దీవులలో ప్రయోగాత్మకంగా ఒక పద్ధతిని ప్రవేశపెట్టి, 2015 నాటికి పశ్చిమతీరపు దీవులకు విస్తరింపజేసింది. అంతే దూరం రోడ్డు మీద వెళ్ళడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కించి, దాని ఆధారంగా ఓడ టికెట్టు ధరను నిర్ణయించడమే ఆ పద్ధతి. మధ్యలో సముద్రం ఉండటం ద్వీపవాసి తప్పు కాదన్నది దానిలోని ధర్మం. అయితే 2012లో పెద్ద సరుకు లారీలను ఈ రాయితీ నుండి తొలగించినప్పుడు ద్వీపవాసులు నిరసన తెలిపారు. మనిషికి చవకగా దారి చూపి, అతడు తినే సరుకుకు చూపకపోతే న్యాయం సగమే జరుగుతుంది.

మూడవది బహిరంగత. ఇందుకు మన చరిత్రలోనే ఒక ఉజ్జ్వలమైన ఉదాహరణ ఉంది. ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకునంతా పూర్వరాజులు బలాత్కారంగా తీసుకునేవారు. గణపతిదేవుడు ఆ దురాచారాన్ని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ప్రకటించాడు. ఎగుమతికైనా, దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు అన్న ఆ రేటును రాతిస్తంభం మీద చెక్కించాడు. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న రాజధానిలో కూర్చున్న పాలకుడు సముద్రంమీద బతికేవాని భయాన్ని అర్థం చేసుకున్నాడు. అధికారం ఎంత తీసుకుంటుందో ముందే తెలిసినప్పుడు వర్తకుడు ధైర్యంగా ఓడ ఎక్కుతాడు.

నేటి నౌకాసంస్థలకూ ఈ సూత్రం వర్తిస్తుంది. ద్వీపానికి ఓడలు నడిపే హక్కు పొందిన సంస్థ తన కేవు ఎంతో, నెలకు ఎన్నిసార్లు వస్తుందో, రాకపోతే ఏమి చెల్లిస్తుందో అందరికీ తెలిసేలా ప్రకటించాలి. విలీనానికి అనుమతి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఈ మూడింటినీ షరతులుగా విధించాలి. అప్పుడు విలీనం వల్ల ఆదా అయిన సొమ్ములో ద్వీపవాసికి రావలసిన వాటా ఎంతో ఎవరైనా లెక్క చూసుకోగలుగుతారు.

సంస్థలు కలవడం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం లేదు. కలిసిన తరువాత వాటిని ప్రశ్నించే శక్తి ఎవరికైనా మిగిలిందా అన్నదే గీటురాయి. నగరవాసికి ఆ శక్తిని రెండో దారి ఇస్తుంది. రెండో దారి లేని ద్వీపవాసికి దానిని చట్టం ఇవ్వాలి, ప్రభుత్వం ఇవ్వాలి, అతని పక్షాన ఆలోచించగల తోటి పౌరులు ఇవ్వాలి.